పాఠం బాబాయ్

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ పాఠం బాబాయ్ అంటారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు గాని, నర్సమ్మలు మారినా వార్డులకు సున్నాలు మారినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. బజారులో ఆయన జిప్పులాయన. బ్యాగులకు జిప్పులు వెయ్యడం, తెగిన పట్టీలు కుట్టడం, సూట్‌కేసులకు చక్రాలు బిగించడం ఆయన పని. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి గుమ్మంలో నిలబడాల్సినంత కొట్టు. ఒక కుట్టుమిషను, జిప్పును లాగే రన్నర్లు పోసిన రేకు డబ్బాలు, మేకులకు వేలాడే బ్యాగులు. ఆ కొట్టు చూసినవాళ్ళెవరూ ఈ మనిషి మీద చదువుకుని ఊరి నిండా డాక్టర్లు తయారయ్యారని అనుకోరు. ఆయనా చెప్పుకోడు.

నిజానికి ఆయన చెప్పే చదువేమీ లేదు. ఉన్నదల్లా జబ్బు. బడికి వెళ్ళే వయసులో జ్వరం వచ్చి మోకాళ్ళు వాచాయి. అవి తగ్గాక మణికట్లు, ఆ తర్వాత మోచేతులు. జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఆ ఇరుకులోంచి రక్తం దూరేటప్పుడు ఒక చప్పుడు పుడుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే అది ఎక్కడో దూరంగా లారీ వెళ్తున్నట్టు వినిపిస్తుందట. ఇంత శుభ్రంగా వినిపించే గుండె మళ్ళీ దొరకదని ఆనాటి పెద్ద డాక్టరు ముచ్చటపడ్డాడు. అంతే, అప్పట్నుంచి వైద్య విద్యార్థుల పరీక్షలు వచ్చాయంటే ఆస్పత్రి నుంచి ఫోను వస్తుంది. ఆయన కొట్టు మూసి, భార్యను వెంటబెట్టుకుని వెళ్ళి మంచం మీద పడుకుంటాడు.

ఆ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. ఒక్కో మంచం మీద ఒక్కో జబ్బు మనిషి. వాళ్ళను కేసులంటారు. విద్యార్థి వచ్చి పక్కన కూర్చుని, ఏం బాధ, ఎప్పట్నుంచి, ఎలా మొదలైంది అని అడిగి రాసుకుని, ఒళ్ళు పరీక్షించి, ఆ తర్వాత వచ్చే పరీక్షాధికారులకు అదంతా ఒప్పజెప్పాలి. కేసుకూ కట్టుబాట్లున్నాయి. జబ్బు పేరు చెప్పకూడదు. అడగనిది చెప్పకూడదు. పరీక్షాధికారులు వచ్చి నిలబడ్డాక అసలు నోరే విప్పకూడదు.

మొదట్లో ఆయనకు ఇదంతా సరదాగా ఉండేది. ప్లీహం వాచి కడుపులో బల్ల పెరిగినవాడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాడు మంచాల మీంచి తల లేపి, నీకు ఎందరొచ్చారు, నాకు ఇందరొచ్చారు అని పోటీలు పడేవాళ్ళు. పాఠం బాబాయ్ దగ్గర పిల్లలకు తెలియని ఒక ఉపకారం కూడా ఉండేది. ఆయాసంతో వచ్చిన మనిషిని ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారని తప్పకుండా అడగాలి. కంగారులో చాలామంది మర్చిపోతారు. అలాంటివాణ్ణి చూస్తే ఆయన తలకింది దిండు తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకునేవాడు. బుర్ర ఉన్నవాడు అందుకునేవాడు. లేనివాడు, "దుమ్ముందా బాబాయ్?" అని అడిగేవాడు.

కొన్నేళ్ళ కిందట ఒక పొరపాటు జరిగింది. ఆ చలికాలం ఆయనకు ఆయాసం కాస్త ఎక్కువై మూడో దిండు అవసరమైంది. పరీక్షలో అడిగితే ఉన్నమాటే చెప్పాడు. కుర్రాడు మూడు అని ఒప్పజెప్పాడు. పరీక్షాధికారి, ఈ కేసు ఎప్పుడూ రెండే చెబుతాడు, అడగకుండానే రాశావా అని ఆ కుర్రాణ్ణి నిలబెట్టి కడిగేశాడు. కుర్రాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. మంచం మీద ఉన్న మనిషికి నోరు విప్పే హక్కు లేదు. ఆ పిల్లవాడు తర్వాత ఏమయ్యాడో తెలియదు. ఈయన మాత్రం ఇంటికొచ్చి ఆ పూట అన్నం సరిగా తినలేకపోయాడు. ఆ రోజు నుంచి ఆయన మాట మారలేదు. ఒంట్లో ఏది ఎలా ఉన్నా దిండ్లు రెండే. ఆయాసం రెండో అంతస్తు మెట్ల దగ్గరే. కాళ్ళ వాపులు సాయంత్రం పూటే.

అలా చెప్పీ చెప్పీ ఆ కథ నున్నగా అరిగిపోయింది. అది తన ఒంటి గురించే అన్న సంగతి కూడా ఆయన మర్చిపోతూ వచ్చాడు. పై తరగతి పిల్లలు కింది వాళ్ళకు చెప్పేశారు కాబట్టి ఇప్పుడు వచ్చేవాళ్ళు సగం ముందే రాసుకుని వస్తున్నారు. ఆయనకూ ఓపిక తగ్గింది. చొక్కా విప్పడం, ఎడమ పక్కకు తిరగడం, చల్లటి స్టెతస్కోపు, ఊపిరి బిగబట్టండి, వదలండి. మధ్యాహ్నానికి నడుం పట్టేస్తుంది. ఇక మానేద్దామా అని ప్రతిసారీ అనుకుంటాడు. మానేస్తే ఆ ఆస్పత్రిలో తానూ క్యూలో నిలబడే మామూలు మనిషైపోతాడు. అదొక్కటే లోపల ఎక్కడో అడ్డంపడేది.

ఇలా ఉండగా, వాన పడుతున్న ఒక సాయంత్రం కొట్లో కూర్చుని ఎవరిదో బడి బ్యాగుకు రన్నర్ ఎక్కిస్తున్నాడు. కుడిచేతిలో పట్టుకారు ఉంది. అది కింద పడింది. పడిన సంగతి చప్పుడు విన్నాకే తెలిసింది. వంగి తీద్దామంటే చెయ్యి తనది కానట్టు ఒళ్ళో పడి ఉంది. గొడుగు తెచ్చిన భార్య గుమ్మంలో నిలబడి ఏమైందని అడిగింది. ఏం లేదు అనబోయాడు. మాట లోపల సిద్ధంగానే ఉంది. నాలుక మొద్దులా పడి ఉంది. బయటికి వచ్చింది ఉత్త గొణుగుడు. ఆమె గొడుగు అక్కడే వదిలేసి వచ్చి భుజాలు పట్టుకుంది. ఆమె కేక వేసేలోపే, ఎలా వచ్చిందో అలాగే పోయింది. వేళ్ళు కదిలాయి. మాట వచ్చింది. ఆ వచ్చిన మాటతో ఆయన మొట్టమొదట చెప్పింది, ఎవరితోనూ అనకు అని.

మర్నాటి నుంచి ఆయన పట్టుకారు ఎడమచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి బాగానే ఉంది గాని నమ్మకం పోయింది. కొన్నాళ్ళకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండగా ఇంకోసారి అలాగే అయింది. ఈసారి ఆమె వదల్లేదు. పక్కవీధిలో ఒకాయనకు ఇలాగే వచ్చి పోతూ వచ్చి పోతూ ఒకరోజు పోకుండా ఉండిపోయింది. ఇప్పుడాయన్ని కొడుకు కుర్చీలో కూర్చోబెట్టి అన్నం తినిపిస్తున్నాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఈయనకూ తెలుసు. చెయ్యి పోతే కొట్టు పోతుంది. మాట పోతే ఇంకేం మిగలదు. అంత తెలిసీ ఆయన కదలడు.

నెలనెలా మాత్రలకు ఆస్పత్రికి వెళ్ళే రోజు రాగానే ఆమే ముందు చెప్పులేసుకుని బయల్దేరింది.

అక్కడ వీళ్ళను చూసే డాక్టరమ్మ చదువుకునే రోజుల్లో ఈయన మంచం పక్కనే కూర్చుని పరీక్ష రాసిన పిల్ల. దిండు దులిపితే అందుకున్న వాళ్ళలో ఆమె ఒకతి. ఇప్పుడు తలలో తెల్ల వెంట్రుకలు, గుమ్మం దాటి వరండా దాకా జనం. ఆమె లోపలికి రమ్మని, బాబాయ్ అని ఆప్యాయంగా పిలిచి, ఎలా ఉందని అడిగింది. ఆయన మామూలే అన్నాడు. ఆమె స్టెతస్కోపు అలా ఆనించి ఇలా తీసేసింది.

"మీ కథ నాకు కంఠతా వచ్చు బాబాయ్. నిద్రలో లేపినా చెబుతాను," అంటూ అవే మాత్రలు రాసింది.

భార్య ముందుకు వంగి, మొన్న చెయ్యి అని మొదలుపెట్టింది. ఆయన అడ్డొచ్చాడు. పొద్దస్తమానం సూదిపని కదమ్మా, తిమ్మిరెక్కుతుంది, అంతే అన్నాడు. డాక్టరమ్మ తల ఊపింది. వెనక మనిషి అప్పటికే లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చోబోతున్నాడు.

ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియదు. ఆ గదిలో, ఆ స్టెతస్కోపు ముందు నోరు తెరిస్తే ఆ నున్నటి కథే వస్తుంది. వేరేది రాదు.  ఇంటికి రాగానే భార్య మాత్రల సంచి బల్ల మీద పడేసింది.

పరీక్షలకు రమ్మని ఫోను వచ్చిన రోజున ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తింది.

"డాక్టరమ్మకి చెప్పలేకపోయారు. పోనీ రేపొచ్చే పిల్లలకన్నా చెప్పండి."

"వాళ్ళకి చెబితే వాళ్ళ మార్కులు పోతాయే."

"మీ చెయ్యి పోతే?"

 ఆయన అన్నం క్యారేజీ మూత సరిగా పడిందా లేదా అని చూస్తూ ఉండిపోయాడు.

పరీక్ష రోజు వార్డులో ఫినాయిలు వాసన, ఉతికిన దుప్పట్లు, కిటికీ పక్కన ఆయన మంచం. పద్ధతి ప్రకారం భార్యను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. మొదట వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. ప్రశ్న సగం అడిగేసరికి జవాబు రాసేస్తున్నాడు. దిండ్లు రెండు కదా బాబాయ్ అని తనే అన్నాడు. చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు వేళ్ళు ఆనించి, చూపు మాత్రం కాగితం మీదే ఉంచాడు. ఆయన ఊఁ కొట్టాడు. అధికారులు వచ్చారు, విన్నారు, వెళ్ళారు. అంతా సాఫీగా అయిపోయింది. ఆయన మళ్ళీ చొక్కా వేసుకునే ఓపిక కూడా లేక దుప్పటి కప్పుకున్నాడు.

రెండోసారి వచ్చింది ఒక కళ్ళజోడు పిల్ల. నిద్ర లేనట్టు కళ్ళు లోపలికి పోయాయి. నమస్కారం పెట్టి, కూర్చోవచ్చా అని అడిగి మరీ కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న బ్యాగు జిప్పు పళ్ళు ఊడినట్టు తెరుచుకుని, మూతి దగ్గర పిన్నీసు పెట్టి ఉంది. ఆమె అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు గాని చూపు ఆ పిన్నీసు మీదే ఉంది. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే ఆడమనిషి పక్కింటి గోడ మీద సాలెగూడు చూసి ఆగలేనట్టు ఆయనా ఆగలేకపోయాడు.

"ఆ బ్యాగిలా ఇవ్వమ్మా. నువ్వడుగుతూ ఉండు."

పిన్నీసు తీశాడు. పళ్ళు ఊడలేదు, రన్నర్ నోరు వెడల్పయింది, అంతే. పక్కన విప్పి పెట్టిన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న పట్టుకారు తీసి రన్నర్‌ను రెండు పక్కలా నొక్కసాగాడు. ఒకసారి జారింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ జారింది.

ఆ పిల్ల రాయడం ఆపి చూస్తోంది.

"బాబాయ్ గారూ, మీది ఎడమచేతి వాటమా?"

కాదన్నాడు.

"మరి ఎడమచేత్తో చేస్తున్నారేంటి?"

అది పాఠంలో లేని ప్రశ్న. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. దానికి నున్నటి జవాబు లేదు. పట్టుకారు దుప్పటి మీద పెట్టి ఆయన కుడిచేతి వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. వరసగా రాలేదు. గుండీల సంగతి ముందు, పట్టుకారు పడ్డ సంగతి వెనక, మాట రాని సంగతి మధ్యలో ఎక్కడో. ఆమె ఏదీ అందించలేదు. అడ్డు రాలేదు. చివర్లో మాత్రం చెయ్యి పట్టుకుని నాడి చూసింది. చూసి, వదిలి, మళ్ళీ చూసింది. అది గతుకుల రోడ్డు మీద సైకిల్లా ఒకచోట ఆగుతూ ఒకచోట ఉరుకుతూ ఉంది.

ఆమె కలం తీసేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అది రాయకమ్మా. నా లెక్కలో అది లేదు. నిన్ను తప్పు పడతారు."

ఆమె కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత రాసింది.

పరీక్షాధికారులు ఇద్దరు. బయటి ఊరినుంచి వచ్చిన బట్టతల పెద్దమనిషి ఒకరు, డాక్టరమ్మ ఒకరు. ఇద్దరి మొహాల్లోనూ పొద్దుటి నుంచీ నిలబడ్డ అలసట. కళ్ళజోడు పిల్ల గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఆయాసం, మెట్లు, దిండ్లు, చిన్నప్పటి మోకాళ్ళ వాపులు. డాక్టరమ్మ వింటున్నట్టే ఉండి కిటికీలోంచి చూస్తోంది. కుడిచెయ్యి, మాట అనే దగ్గరికి వచ్చేసరికి ఇటు తిరిగింది.

"ఆగు. ఈ పేషెంటుకి అది లేదు."

"ఆయనే చెప్పారు మేడమ్."

"నువ్వు అందించి ఉంటావు. చెయ్యి మొద్దుబారుతుందా అని అడిగితే మొద్దుబారలేదని ఎవరంటారు? నేను చదువుకునేటప్పటి నుంచీ తెలుసు నాకీయన."

ఆమె గొంతులో కోపం లేదు. ఇదే తప్పు వందమంది పిల్లల దగ్గర చూసి చూసి వచ్చిన విసుగు ఉంది. బట్టతల పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. కళ్ళజోడు పిల్ల పెదవులు తడుపుకుని, మంచం వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో నింద లేదు. అదే ఆయనకు కష్టమైంది. చెవులు కందిపోయిన ఆ పాత కుర్రాడు కళ్ళముందు మెదిలాడు.

"సారీ మేడమ్," అని ఆ పిల్ల కాగితం మీద ఆ వాక్యం కొట్టెయ్యడానికి కలం పెట్టింది.

ఆ గీత పడితే చెయ్యి పడిపోయిన సంగతి ఈ భూమ్మీద భార్యకు తప్ప ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆమె వరండాలో ఉంది. ఆమె మాట ఎవరూ అడగరు.  ఆయన మోచేతి మీద లేవబోయి, లేవలేక, పడుకునే అన్నాడు:

"కొట్టెయ్యకమ్మా."

వార్డులో పక్క మంచం కేసు తల తిప్పి చూశాడు. కేసు మాట్లాడటం అక్కడ ఎవరూ ఎరగరు.

"నేనే చెప్పాను డాక్టరమ్మా. ఆ అమ్మాయి అందించలేదు. రెండుసార్లు వచ్చి పోయింది. మాట కూడా పోయింది."

డాక్టరమ్మ మంచానికి దగ్గరగా వచ్చింది.

"నెలనెలా వస్తారు కదా బాబాయ్. నాకెందుకు చెప్పలేదు?"

 ఆమెను నొప్పించడం ఆయనకు ఇష్టం లేదు. మాత్రలు రాసిచ్చే చెయ్యి, ఆప్యాయంగా పిలిచే నోరు. దుప్పటి అంచు మడుస్తూ, "మీకు నా కథ వచ్చు కదమ్మా," అన్నాడు.

అది ఎత్తిపొడుపు కాదు. ఆయనకు తోచిన కారణం అదొక్కటే. డాక్టరమ్మ అది అలాగే తీసుకుంది. వంగి ఆయన కుడిచెయ్యి అందుకుంది. మణికట్టు మీద వేళ్ళు పెట్టి, చూపు ఎటూ తిప్పకుండా నిలబడింది. ఎంతకీ తియ్యలేదు. తీసినప్పుడు బట్టతల పెద్దమనిషి వైపు తిరిగి, నాడి గతి తప్పింది, గుండెలో గడ్డకట్టిన రక్తం తలకు పోతున్నట్టుంది అని లోగొంతుకతో చెప్పింది. ఆయనా వచ్చి నాడి చూశాడు.

"సరిగ్గానే రాశావు," అంది కళ్ళజోడు పిల్లతో. "నువ్వెళ్ళు. తర్వాతి కేసు దగ్గర కూర్చో."

ఆ పిల్ల బ్యాగు అందుకుంది. జిప్పు సగం దాకానే పడుతోంది. పిన్నీసు వెతుక్కుని మళ్ళీ పెట్టుకుని వెళ్ళింది. ఆయనకు ఆ పని మధ్యలో వదిలేయడం బాధగా అనిపించింది.

ఈ మంచం దగ్గరికి ఇక ఎవర్నీ పంపొద్దని డాక్టరమ్మ నర్సమ్మకు చెప్పింది. తలకు తీసే స్కానింగుకు రాసింది, గుండెకు తీసే పరీక్షలకు రాసింది, పైన వార్డులో మంచం చూడమంది. వచ్చే ఏడాది కూడా పంపొద్దా అని నర్సమ్మ అడిగితే ఏమీ చెప్పలేదు. తన ఉద్యోగం అయిపోయిందని ఆయనకు అర్థమైంది. ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. రోజంతా కుట్టిన బ్యాగు చివరి దారం కొరికి పక్కన పెట్టినప్పటిలా ఒళ్ళంతా బరువుగా మాత్రం అనిపించింది.

డాక్టరమ్మ వరండాలోంచి భార్యను పిలిపించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పు పిన్నీ. మొదట్నుంచి."

ఆమె చీర చెంగు భుజం మీదికి లాక్కుని, మొగుడి మొహం చూసి, డాక్టరమ్మ మొహం చూసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మనిషి.

"ఆ రోజు పొద్దుట్నుంచీ వానండీ. మా పక్కింటావిడ గొడుగు అడిగి పట్టుకెళ్ళింది. పట్టుకెళితే తెచ్చివ్వాలి కదా. తేదు. పోనీ నేనే వెళ్ళి అడుగుదామంటే వాళ్ళింట్లో చుట్టాలు. చుట్టాల ముందు ఏం అడుగుతాం చెప్పండి..."

ఆయన విసుక్కోబోయాడు. అసలు సంగతి చెప్పవే అని నాలుక చివర దాకా వచ్చింది. డాక్టరమ్మ చూపు తిప్పకుండా వింటోంది. కలం పట్టుకోలేదు. ఆయన చెయ్యి మళ్ళీ ఆమె చేతిలో ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తన కథ ఇంకెవరో చెబుతుంటే వినడం కొత్తగా ఉంది. గొడుగు దొరికింది, వీధిలో నీళ్ళు నిలిచాయి, ఎవరో సైకిలాయన బురద చిమ్మి పోయాడు. భార్య ఇంకా కొట్టు దాకా రాలేదు.